క్లీటస్ ప్లానూ మోండో బస్సూ

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వెళ్ళకముందు క్లీటస్ సివి కూడా మా కొండల ఊరు కుండియావాలో అందరిలాగే మాట్లాడేవాడు. వానొస్తే వానొచ్చిందనేవాడు. మోకాలు నొప్పెడితే నొప్పెడుతోందనేవాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారి ఉద్యోగం, కొండవాలులో కాస్త కాఫీ తోట, నోటినిండా వక్క, సున్నం. కుర్రతనంలో మా ఊరి కొకొమో జట్టుకి రగ్బీ లీగ్ ఆడాడు. ఆడానని అతడంటాడు. చూసినవాళ్ళు మాత్రం, బంతి తన వైపు రాకూడదని మరియమ్మ తల్లికి మొక్కుకుంటూ అంచుగీత వెంట నిలబడ్డాడంటారు.

బ్రిస్బేన్ సీటు కూడా అతడిది కాదు. పెద్ద జట్లకు ఏడాది పొడుగునా కసరత్తు ఎలా పథకం వేసి చేయించాలో నేర్పే నెల రోజుల చదువది. ఛైర్మన్ కెరెంగా తన మేనల్లుణ్ణి పంపుదామనుకున్నాడు. అతడికి వీసా రాలేదు. ఎందుకు రాలేదో పోలీసులకు తెలుసు. టిక్కెట్టు డబ్బులు ఊరికే పోతాయని చివరి నిమిషంలో క్లీటస్‌ని ఎక్కించారు.

వెళ్ళిన క్లీటస్ ఒకడు, దిగిన క్లీటస్ ఒకడు. గొరోకా విమానాశ్రయంలో నల్లకళ్ళద్దాలు, మెడలో ఈల, చంకలో చాపచుట్టంత కాగితం చుట్ట వేసుకుని దిగాడు. ట్రక్కు తీసుకుని ఎదురెళ్ళిన బావమరిది మోండో, కావలించుకోబోయి ఆగిపోయాడు.

"ఏంటి బావా అలా నడుస్తున్నావు? కాలు బెణికిందా?"

"బెణకలేదు. విమానంలో కూర్చున్న శరీరాన్ని క్రమంగా క్రియాశీలం చేస్తున్నాను."

మోండో కాసేపు ఆలోచించి, "అక్కతో చెప్పకు, భయపడుద్ది," అన్నాడు.

ఆ వారమే కెరెంగా కొట్టు వెనక, బియ్యం బస్తాల మధ్య కమిటీ కూర్చుంది. క్లీటస్ కాగితం విప్పితే గోడంతా నిండింది. ఏడాదిని నాలుగు రంగుల ముక్కలు చేశాడు. ఆకుపచ్చలో దమ్ము పెంచాలి, పసుపులో బలం, ఎరుపులో వేగం, నీలంలో ఆటకి పదును. మూడు వారాలు బరువు పెంచుకుంటూ పోవాలి, నాలుగో వారం దించాలి. కష్టపడినప్పుడు ఒళ్ళు అరుగుతుంది, దించినప్పుడు పూడుతుంది, పూడేటప్పుడే బలం పుడుతుంది. నిజం చెప్పాలంటే ఆ రోజు బాగానే చెప్పాడు. బ్రిస్బేన్ పంతులు చెప్పింది చెప్పినట్టు ఒప్పజెప్పాడు కాబట్టి.

కెరెంగాకి నాలుగు ట్రక్కులూ రెండు కొట్లూ ఉన్నాయి. వచ్చే ఎన్నికల్లో పార్లమెంటుకి నిలబడే ఉద్దేశమూ ఉంది. అతడు ముందుకు వంగి గోడంతా చూశాడు.

"బాగుంది మాస్టరూ. ఇందులో మనం గెలిచేది ఏ రంగు?"

కోచ్ బోమై ముసలాయన. జట్టుని గట్టు మీద విమానాలు దిగే చోటు దాకా పరిగెత్తించడం, కిందికి దించడం, చీకటి పడేదాకా ఒకళ్ళనొకళ్ళు పడగొట్టుకోమనడం, మధ్యమధ్య తిట్టడం: ఇదీ ఆయనకు తెలిసిన కసరత్తు. ఆయన గోడ వైపు చూడనేలేదు.

"ఒరే క్లీటస్, నాలుగో వారం దించాలంటున్నావు. దించితే మళ్ళీ ఎక్కిస్తారా మనోళ్ళు?"

"అది శాస్త్రం, బోమై మామా."

"శాస్త్రం మంచిదేరా. మనోళ్ళ సంగతి అడుగుతున్నా."

రంగులు బాగున్నాయని కమిటీ ఒప్పేసుకుంది.

ఆకుపచ్చ మొదటి వారం సోమవారం నాడు మైదానానికి క్లీటస్ ఒక్కడే వచ్చాడు. ఈల ఊదాడు. ఒక పంది తలెత్తి చూసి మళ్ళీ గడ్డి తవ్వుకుంది. తీరా కనుక్కుంటే, నది అవతల తెగపెద్ద ఒకాయన ఆదివారం పోయాడు. జట్టులో ముందువరస ఆటగాళ్ళంతా ఆయన మనుషులే. ఒంటికి మట్టి పూసుకుని చావింట కూర్చున్నారు, వారం దాకా లేవరు. క్లీటస్ మెడలో ఈలతోనే అక్కడికెళ్ళాడు. ఈల తీసి జేబులో పెట్టుకోమని మోండో చెవిలో చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు కెరెంగా అడిగాడు. "ఏం మాస్టరూ, ప్లాన్ ఎలా నడుస్తోంది?"

సమాధానానికి క్లీటస్ రెండు క్షణాలే తీసుకున్నాడు. "బాగా నడుస్తోంది సార్. ఈ వారం శ్వాసకోశాభ్యాసం."

అబద్ధమని అనలేం. గంటల తరబడి గుండెలు బాదుకుని ఏడిస్తే ఊపిరితిత్తులకు పని పడుతుందిగా మరి. క్లీటస్‌కి ఆ మాట తనకే నచ్చింది. ఇంటికెళ్ళి, గోడకి కొట్టుకున్న ప్లాన్ గడిలో ఆ పేరు రాసుకున్నాడు.

అక్కడితో అలవాటైపోయింది. అంచున ఆడే వింగర్ పెళ్ళికి కన్యాశుల్కం ఇచ్చినప్పుడు ముప్పై పందుల్ని గుంటల్లో కాల్చారు. జట్టంతా నాలుగు రోజులు తిని మరో రెండు రోజులు లేవలేకపోయింది. క్లీటస్ దానికి 'శక్తి నిల్వ దశ' అని పేరు పెట్టాడు. కాఫీ కోతలకొచ్చింది, కుర్రాళ్ళు బస్తాలు మోసుకుంటూ కొండలు దిగారు, అది 'వాలుభూమి భారసాధన'. కెరెంగా ఎన్నికల ఊరేగింపుకి జట్టుని తీసుకుపోయి, తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని చువావే సంత చుట్టూ తిప్పమన్నాడు. కెరెంగా తేలికైన మనిషి కాదు. ఆ గడిలో క్లీటస్ 'చలనశీల ప్రతిఘటన' అని రాశాడు.

క్లీటస్ భార్య స్కొలాస్టికా సంతలో నూనెలో వేయించిన పిండి ఉండలు అమ్ముతుంది. నోరు గట్టిది. గోడ వైపు చూసి అంది: "ఇల్లు కాలిపోయినా నువ్వు దానికో పేరు పెడతావయ్యా."

"నీకర్థం కాదు."

"నాకర్థం కావట్లేదనే నీ ధైర్యం."

ప్లాన్‌లోని పనిలో సగం కూడా జరగడం లేదని క్లీటస్‌కి లోలోపల తెలుసు. అందుకని ఒక ఉపాయం చేశాడు. పిలవని చుట్టాలు కూడా వస్తారని తెలిసిన ఇల్లాలు పదిమందికి బదులు ఇరవైమందికి వండుతుంది కదా, అలాగే సగం ఎవరో ఒకరు తినేస్తారని ముందే లెక్కేసుకుని పనంతా రెట్టింపు చేశాడు. కొండకి ఐదుసార్లు పరిగెత్తాల్సిన చోట పదిసార్లు రాశాడు. దించాల్సిన నాలుగో వారాన్ని కొట్టేసి, అక్కడ కూడా బరువే పెట్టాడు. చావులూ పెళ్ళిళ్ళూ కాఫీ కోతలూ ఎలాగూ దించుతాయి. బ్రిస్బేన్ పంతులు చూస్తే గుండె పట్టుకునేవాడు. ఆయన చూడలేదు, బోమై అసలు గోడ వైపే చూడడు.

ఆ ఏడు కొకొమో బాగా ఆడింది. బస్తాలు మోసిన కాళ్ళూ పంది మాంసం తిన్న ఒళ్ళూ బోమై తిట్లూ కలిసి జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్ళాయి. లే పట్నంలో జరిగిన ఫైనల్ కొద్దిలో పోయింది. కెరెంగా ఎన్నిక మాత్రం కొద్దిలో పోలేదు. జనానికి కోసి పెట్టిన పందుల లెక్కలో సగమైనా ఓట్లు రాలేదు. జనం జట్టుని మెచ్చుకున్నారు. రేడియోవాళ్ళు వచ్చి రహస్యమేమిటని అడిగారు. బోమై వక్క ఉమ్మి, "కుర్రాళ్ళు మంచోళ్ళు," అని లేచిపోయాడు. మైకు ఖాళీగా ఉంది కాబట్టి క్లీటస్ దాని ముందు కూర్చున్నాడు. నాలుగు రంగుల గురించి మాట్లాడాడు. తర్వాత పేపరువాళ్ళు వచ్చి గోడ ఫోటో తీసుకున్నారు. 'దేశంలోకెల్లా కఠినమైన కసరత్తు' అని వేశారు. శ్వాసకోశాభ్యాసం అంటే ఏమిటని అడిగినవాడు లేడు.

రెండు నెలలు తిరక్కుండా పోర్ట్ మోర్స్‌బీ నుంచి పిలుపొచ్చింది. రాజధానిలో పెద్ద జీతాల జట్టు ఒకటి కొత్తగా లేచింది. వాళ్ళకి కసరత్తు చూసే పెద్ద కావాలి. ఇల్లిస్తారు, ఫ్యాను ఇస్తారు, బస్సు డ్రైవరు ఉద్యోగం కూడా ఖాళీగా ఉంది. క్లీటస్ పెళ్ళాన్నీ బావమరిదినీ తీసుకుని విమానమెక్కాడు. మోండో ఉద్యోగం తన చలవేనని కుండియావా అంతా వినేలా రెండుసార్లు చెప్పాడు.

రాజధాని జట్టు మేనేజరు బోయో మొరేయా. తీరప్రాంతపు తెగ ఆడమనిషి. చీల్చుకుపోయే చూపు, తక్కువ మాట. మొదటిరోజే చెప్పింది. "మాస్టారూ, వీళ్ళు జీతగాళ్ళు. శిబిరంలోనే తిండి, శిబిరంలోనే పడక. మీరు ఏం చెబితే అది చేస్తారు."

"ఏం చెబితే అది?" అన్నాడు క్లీటస్.

"మొత్తం."

క్లీటస్‌కి కళ్ళు చెమర్చాయి. జన్మకి ఒక్కసారైనా తన ప్లాన్ పూర్తిగా జరిగితే చూడాలని ఉండేది. కుండియావా నుంచి చుట్టి తెచ్చిన కాగితం కొత్త ఆఫీసులో గోడకి కొట్టాడు. అందులో పని రెట్టింపు ఉందన్న సంగతి అతడికి గుర్తులేక కాదు. పేపర్లో పడ్డ ప్లాన్ అది, మార్చడానికి మనసొప్పలేదు. పైగా ఏదో ఒకటి అడ్డం రాకపోతుందా అనుకున్నాడు.

ఏదీ అడ్డం రాలేదు. ఈల ఊదకముందే కుర్రాళ్ళు వరసలో నిలబడేవాళ్ళు. పది పరుగులంటే పదీ పరిగెత్తారు, ఎండలో, దుమ్ములో, మూతి ముడవకుండా. బరువులెత్తమంటే ఎత్తారు. మొదటివారం క్లీటస్ ఆనందం పట్టలేకపోయాడు. రెండోవారం గర్వపడ్డాడు. మూడోవారం ఒక ముందువరస ఫార్వర్డు అన్నం ముందు కూర్చుని నిద్రపోయాడు. నాలుగోవారం క్లీటస్‌కి కంగారు మొదలైంది. ఎవడైనా ఎగ్గొడతాడేమోనని పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఆశగా చూసేవాడు. అందరూ వచ్చేవాళ్ళు.

ఒకరోజు కెప్టెన్‌ని పక్కకి పిలిచాడు.

"ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"దేవుడి దయ మాస్టారూ."

"ముసలివాళ్ళెవరైనా... మంచం పట్టి..."

"అమ్మమ్మ ఉంది మాస్టారూ."

"ఆఁ! ఎలా ఉంది పాపం?"

"బ్రహ్మాండంగా ఉంది. మొన్న పడవేసుకుని చేపలకెళ్ళింది."

"పెళ్ళిళ్ళేమైనా ఉన్నాయా మీవైపు?"

"ఆట సీజన్‌లో పెళ్ళేంటి మాస్టారూ! ఒప్పందంలో రాసిచ్చాం కదా."

ఆదివారం గుడిలో క్లీటస్ చేసిన ప్రార్థన ఏమిటో స్కొలాస్టికా చెవినపడింది. చచ్చే వయసొచ్చిన మంచివాళ్ళని ఎక్కువ బాధపెట్టకుండా తీసుకుపొమ్మని దేవుణ్ణి అడుగుతున్నాడు. ఆమె మోచేత్తో పొడిచింది. "ఎవరికోసమయ్యా ఈ ప్రార్థన?"

"జట్టు కోసం."

దేవుడు వినలేదు. కండరాలు తెగడం మొదలైంది. మొదట వింగర్‌కి తొడ వెనక కండరం పట్టేసింది, తర్వాత ఇద్దరికి పిక్కలు, ఒకడికి నడుం. గోడ నీడన మంచు సంచులు పెట్టుకుని కూర్చునే బల్ల నిండిపోయి, రెండో బల్ల తెప్పించారు. మైదానంలో దిగిన పదముగ్గురూ మొదటి అరగంట పులుల్లా ఆడి, ఆ తర్వాత తడిసిన గోనెసంచుల్లా కూలబడేవాళ్ళు. వరసగా ఓడారు.

బోయో అడిగింది. "పని ఎక్కువైందేమో మాస్టారూ, సగం తగ్గిస్తే?"

ఆ మాట అతడి మనసులోనూ అంతకుముందే ఉంది. అవునంటే కథంతా విప్పాలి. రంగుల గడుల్లో ఏం జరిగిందో చెప్పాలి, పేపరు కత్తిరింపుని మడిచి పారేయాలి. క్లీటస్ నల్లకళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"కుండియావాలో ఫైనల్ దాకా తీసుకెళ్ళిన ప్లాన్ మేడం ఇది. శరీరాలు ఇంకా పొందికపడుతున్నాయి."

ఇలా ఉండగా ఒక మంగళవారం బస్సు ఆగిపోయింది. నిజంగానే ఆగిపోయింది. శిబిరం నుంచి మైదానానికి చాలా దూరం. విడిభాగం లే నుంచి రావాలి, రావడానికి శుక్రవారమైంది. అన్నాళ్ళూ కుర్రాళ్ళు శిబిరంలో పేకాడుకుని, డబ్బా చేపలూ అన్నం తిని, మధ్యాహ్నాలు గురకపెట్టి పడుకున్నారు. క్లీటస్ జుట్టు పీక్కున్నాడు. ఆదివారం వాళ్ళే పట్టికలో మొదటున్న జట్టుని చితక్కొట్టారు. చివరి నిమిషంలో కూడా గుర్రాల్లా పరిగెత్తారు.

అందరూ ఎగురుతుంటే క్లీటస్ ఒక్కడూ బల్లమీద కూర్చుండిపోయాడు. కుండియావా అంతా కళ్ళముందు తిరిగింది: చావులు, పంది మాంసం, కాఫీ కోతలు. ఇన్నాళ్ళూ తన ప్లాన్‌ని దొంగిలిస్తున్నాయని తిట్టుకున్నవే దాన్ని కాపాడాయని, వాటి పుణ్యాన ప్లాన్ ఎవర్నీ చంపకుండా బతికిందని అర్థమైంది. అర్థమైనవాడు లేచి బోయో దగ్గరకెళ్ళి, మేడం, సగం చాలు అనాలి. క్లీటస్ లేచాడు. కానీ బస్సు దగ్గరకెళ్ళాడు.

మోండో టైరు తుడుస్తున్నాడు.

"మోండో, బస్సు ఎలా ఉంది?"

"ఇప్పుడు పెళ్ళికూతుర్లా ఉంది బావా. ఇంకో ఏడాది చూడక్కర్లేదు."

"వచ్చే వారం మళ్ళీ చెడిపోతుందేమో."

"ఎందుకు చెడుద్ది? నేను చూసుకుంటా కదా!"

"చెడిపోతే బాగుంటుంది."

మోండో గుడ్డ కిందపెట్టాడు. బావ మొహంలోకి చూశాడు. "నువ్వే చెప్పొచ్చు కదా, ఈవేళ సెలవని."

"ప్లాన్‌లో సెలవు లేదు."

"ప్లాన్ రాసింది నువ్వే కదా?"

"అదే కదా కష్టం! చూడు మోండో, నాలుగు వైర్లు అటూ ఇటూ తిప్పు చాలు. ఏమన్నా వస్తే నేనున్నాను. నీ మీద ఈగ వాలనివ్వను."

అక్క మొగుడు అడిగితే కాదనే అలవాటు మావాళ్ళకి లేదు. మోండో ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక పనితనం చూపించాడు. ఒకసారి బ్యాటరీ, ఒకసారి బెల్టు, ఒకసారి ఇంధనంలో నీళ్ళు. ఒకసారి తలుపు ఊడి చేతికొచ్చింది. ప్రతి రెండు వారాలకి ఒకసారి బస్సు పడుకునేది, కుర్రాళ్ళూ పడుకునేవాళ్ళు, ఆదివారం గెలిచేవాళ్ళు. పేపర్లు మళ్ళీ క్లీటస్ ఫోటో వేశాయి. 'కఠిన శ్రమకు ఫలితం' అని రాశాయి. క్లీటస్ ఆ పేపరుని గోడకి అంటించాడు. బస్సు గురించి ఆలోచించడం మానేశాడు. గెలుపు తన ప్లాన్‌దేనని కొన్ని రోజులు నిజంగా నమ్మాడు కూడా.

బోయో మొరేయాకి గెలవడం ఇష్టమే, మెకానిక్కుకి బిల్లులు కట్టడం ఇష్టం లేదు. బయటి మనిషిని పిలిచి బస్సు చూపించింది. బస్సులో లోపం లేదు, ఎవరో చేత్తో చెడగొడుతున్నారని అతడు చెప్పాడు. మోండోని ఆఫీసుకి పిలిచారు. క్లీటస్ అప్పటికే అక్కడ కుర్చీలో ఉన్నాడు.

"ఎందుకు చేశావు?" అంది బోయో.

మోండో బావ వైపు చూశాడు. కోపంగా కాదు. ఆట మొదలయ్యే ముందు ఈల కోసం చూస్తారే, అలా చూశాడు.

క్లీటస్ గోడ మీది రంగులు చూశాడు. కిటికీ చూశాడు.

"మాస్టారూ," అంది బోయో, "మీ మనిషి. మీకేమైనా తెలుసా?"

"రవాణా నా విభాగం కాదు మేడం," అన్నాడు క్లీటస్.

మోండో ఇంకాసేపు నిలబడ్డాడు, ఇంకేమైనా వస్తుందేమోనని. రాలేదు. తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

క్లీటస్ ఇంటికి వచ్చేసరికి స్కొలాస్టికా తన అల్లిక సంచి సర్దుకుంటోంది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు క్లీటస్.

"దీనికేం పేరు పెడతావో చెప్పు, విని పోతా."

"స్కొలాస్టికా, పరిస్థితి నీకు..."

"నా తమ్ముడు దొంగలా బయటికొచ్చాడు. నువ్వు దొరలా కుర్చీలో కూర్చున్నావు. ఇదీ పరిస్థితి." సంచి పట్టీ నుదుటికి తగిలించుకుంది. "నిన్ను కట్టుకున్నప్పుడు మీవాళ్ళు మా నాన్నకి పందులు ఎక్కువే ఇచ్చారు. అంత ఎందుకిస్తున్నారా అనుకున్నాం. ఇప్పుడు తెలిసింది."

అక్కాతమ్ముళ్ళు విమానమెక్కారు. క్లబ్బు కొత్త బస్సు కొంది. అది ఒక్కరోజు కూడా ఆగలేదు. కొత్త డ్రైవరు కెరెమా ఊరి మనిషి, నిజాయితీపరుడు, గడియారం లాంటివాడు. క్లీటస్ అతణ్ణి చూస్తే వణికిపోయేవాడు. మంచు బల్లలు మళ్ళీ నిండాయి. సీజన్ ముగిశాక బోయో క్లీటస్‌తో చేయి కలిపి, పరస్పర గౌరవంతో విడిపోతున్నామని పేపరుకి రాసి ఇచ్చింది. గౌరవం సంగతేమో గాని, విడిపోవడం మాత్రం నిజం.

కుండియావాలో ట్రక్కు దిగేసరికి సంత ఆడవాళ్ళకి కథంతా తెలిసిపోయింది. "రా రా బస్సు మాస్టరూ!" అని ఒకామె, "తలుపు ఊడిపోకుండా వచ్చావా?" అని ఇంకొకామె. స్కొలాస్టికా తల తిప్పుకుని పిండి ఉండలు వేయించుకుంటోంది. క్లీటస్ ఒకటి కొనబోయాడు. "అయిపోయాయి," అంది, నిండు బేసిన్ వెనక కూర్చుని.

మరుసటి రోజు మోండో తెగవాళ్ళు వచ్చారు. గొడ్డళ్ళు తేలేదు కాని, తేగలమన్నట్టు నిలబడ్డారు. మావాడి పరువు పోయింది, పరువుకి పందులు ఇమ్మన్నారు. క్లీటస్ అన్నదమ్ములు అతణ్ణి నానా మాటలూ అని, తలా ఒక పందిని పట్టుకొచ్చారు. రాళ్ళు కాల్చారు, గుంటలు తవ్వారు. ఇచ్చేవాళ్ళు ఒక వైపు, పుచ్చుకునేవాళ్ళు ఒక వైపు గడ్డి మీద కూర్చున్నారు. స్కొలాస్టికా తమ్ముడి వైపు కూర్చుంది. బోమై మధ్యవర్తి. పందులు కట్టేశాక, ఇచ్చినవాడు లేచి ఎందుకిస్తున్నాడో అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే ఇచ్చినట్టు కాదు.

క్లీటస్ లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలారా. ఉన్నతస్థాయి కసరత్తులో శ్రమభారానికీ పునరుద్ధరణకీ మధ్య ఒక సున్నితమైన..."

అవతలి వైపు నుంచి ఊళలు లేచాయి. ఒకడు చిలగడదుంప తొక్క విసిరాడు.

"రవాణా అవాంతరాలు ఆ సమతుల్యాన్ని..."

ఈసారి తన అన్నదమ్ములే తలలు దించుకున్నారు. బోమై కర్రతో నేల కొట్టాడు.

"ఒరే క్లీటస్. పంది కూడా వింటోంది, దానికి కూడా అర్థమయ్యేట్టు చెప్పు."

జనం నవ్వారు. క్లీటస్ నవ్వలేదు. నల్లకళ్ళద్దాలు తీశాడు; తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. బ్రిస్బేన్ నుంచి వచ్చాక అతణ్ణి పెద్ద మాటలు లేకుండా నిలబడగా మేమెవరమూ చూడలేదు.

"పని ఎక్కువ పెట్టాను," అన్నాడు చివరికి. "కుర్రాళ్ళు విరిగిపోయారు. తగ్గించడానికి సిగ్గేసింది. అందుకని మోండోని బస్సు చెడగొట్టమన్నాను. ఆ రోజు నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు." మోండో వైపు తిరిగి, "బస్సు మంచిదే," అన్నాడు.

ఎవరూ ఊళ వేయలేదు. మోండో లేచి వచ్చి ఒక పంది తాడు పట్టుకుని లాగి చూశాడు. "ఇది బాగా బలిసింది బావా," అన్నాడు. మావైపు ఆ మాటంటే తగువు తీరినట్టే. స్కొలాస్టికా మాత్రం ఆ నెలంతా తమ్ముడింట్లోనే ఉండి, కాఫీ కోతలకి తన ఇంటికొచ్చింది. వచ్చి ముందుగా గోడకున్న మేకులు పీకించింది.

ఇప్పుడు మోండో కెరెంగా ట్రక్కుల్లో ఒకటి నడుపుతున్నాడు. క్లీటస్ బడికి వెళ్ళి డ్రిల్లు చెప్పుకుంటూ, సాయంత్రాలు కొకొమోలో బోమైకి సాయం చేస్తున్నాడు. ప్లాన్ ఉంది, ఒక చిన్న కాగితం మీద. ఎవరింట్లో చావుందో, ఎవరికి కాఫీ కోతలో అడిగి, దాన్ని బట్టి వేస్తాడు. నాలుగోవారం దించుతాడు. బోమై ఇప్పటికీ దానివైపు చూడడు, కానీ దించిన వారం తిట్లు కూడా దించుతున్నాడని కుర్రాళ్ళంటారు.

మనిషి మారాడని అనుకుంటున్నారేమో. పోయిన నెల లే పట్నంలో దేశం నలుమూలల కోచ్‌లకీ సభ పెట్టి క్లీటస్‌ని మాట్లాడమని పిలిచారు. వెళ్ళాడు. మోండోయే ట్రక్కులో తీసుకెళ్ళాడు. బూట్లు తొడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, 'సామాజిక ఆచారాలతో సమన్వయించిన శ్రమావరోహణ: సివి పద్ధతి' అని రెండు గంటలు మాట్లాడాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్ళు రాసుకున్నారు. ఒకాయన లేచి, ఇంత లోతైన ఆలోచన మీకెలా తట్టిందని అడిగాడు. ఏళ్ళ తరబడి పరిశీలన అని చెప్పాడు క్లీటస్. పందుల మాట ఎత్తలేదు, బస్సు మాటా ఎత్తలేదు.

వెనక వరసలో మోండో ఉచితంగా పెట్టిన భోజనం ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. పక్కనున్న కోచ్ అతణ్ణి అడిగాడు. "మీరు కూడా కసరత్తు విభాగమేనా?"

"రవాణా," అన్నాడు మోండో. కోడికాలు పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.